పోగులో వంకీ

జూన్ 4

వదినకు,

ఈ ఉత్తరం నీకు అందేలోపే బట్టల బండివాడు కబురు మోసుకొచ్చి ఉంటాడు. అయినా నా అంతట నేను చెప్పాలని రాస్తున్నాను. మీ మగ్గం మీద నేసిన రెండో విడత దుప్పట్లు కూడా వెనక్కి వస్తున్నాయి. వద్దని రాసిన చీటీ మీద సంతకం నాదే.

ఫోను చేద్దామనే అనుకున్నాను. మగ్గం ఆడుతుంటే నీకు సగం మాటలు వినపడవు. మగ్గం ఆగిందంటే మనిద్దరి మధ్యా అన్నయ్య చెవి ఉంటుంది. అందుకే ఉత్తరం.

సంగతి ఇది. ఆసుపత్రికి పంపిన దుప్పట్లు మొదటి ఉతుకుకే పొడవులో బెత్తెడు తగ్గాయి. మంచం చివర పరుపు బయటికి కనపడుతోందట. అంచులు కూడా తిన్నగా లేవు, ఒకచోట లోపలికీ ఒకచోట బయటికీ పోతున్నాయి. అన్నయ్య నేసిన గుడ్డ అంచు పక్కన స్కేలు పెడితే స్కేలే వంకరేమో అనిపించేది. ఆ మనిషి గుడ్డేనా ఇది అని రెండుసార్లు చీటీ చూసుకున్నాను.

గుడ్డ పరీక్షించి తీసుకునే మా గోడౌను నియమం నీకు తెలిసిందే. వరసగా మూడు విడతలు తప్పితే ఆ మగ్గాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. మళ్లీ ఎక్కించడం ఉండదు. రెండు అయిపోయాయి. మూడోది ఆగస్టులో రావాలి.

నూలు మార్చారా? పోగు లావు మారినా, అంగుళానికి పడే పోగులు మారినా ఇలా జరగొచ్చు. మగ్గం మీంచి దించిన గుడ్డ ఓ తొమ్మిది మీటర్లు, ఉతక్కుండా, మడత పెట్టకుండా కర్రకు చుట్టి పంపు. విడతతో సంబంధం లేదు, నా కోసం.

నేనుంటున్న మేడగది ఇంటావిడ మెట్ల మీద నా చెప్పుల చప్పుడు ఎక్కువగా ఉందని ఫిర్యాదు చేసింది. రబ్బరు చెప్పులు కొన్నాను. ఇప్పుడు దొంగలా వస్తున్నానని అంటోంది.

నీ ఆడపడుచు


జూన్ 12

మా ఇంటి అర్ధమొగుడు గారికి,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా. పూర్తి మొగుడు ఒక్కమాట అనకపోయినా, సగం మొగుడు చీటీ మీద సంతకం పెట్టి మరీ పంపింది. నువ్వే పెట్టావా తల్లీ ఆ సంతకం? మీ అన్నయ్య చీటీ చేతిలోకి తీసుకుని, "కొలబద్ద సంతకం ఎంత చక్కగా ఉందో చూడు" అన్నారు. చిన్నప్పుడు కనపడిందల్లా కొలిచేదానివని ఆయన పెట్టిన ఆ పేరు ఇంకా వదల్లేదు.

నూలు పాతదే. అదే దుకాణం, అదే లావు. పోగులు నేను స్వయంగా లెక్కపెట్టాను, ఒక్కటి అటూ ఇటూ లేదు. నాకు తోచిందేమిటంటే, పోయిన నెల వానకు మగ్గం పైన కప్పు కారింది. బిందె పెట్టాం. బిందె నిండితే పళ్లెం పెట్టాం. ఆ చెమ్మ పట్టి ఉంటుంది. చెమ్మ తగిలితే నూలు మెత్తబడుతుందని నువ్వే ఒకసారి రాశావు కదా.

గుడ్డ పంపుతున్నాను. ఒక మనవి. అంచు మీద ఎర్రదారంతో మూడుచోట్ల ముడి వేశాను. నువ్వు పోగులు లాగి చూసేటప్పుడు ఆ ముడుల దగ్గరే లాగు. మిగతా చోట్ల చెమ్మ తగిలిందేమో, అనవసరంగా నీకు శ్రమ.

రబ్బరు చెప్పులు పారేసి గంట కట్టుకో. ఇంటావిడకు ఏ చింతా ఉండదు.

నీ వదిన


జూన్ 21

వదినా,

నవ్వొచ్చేలా రాస్తావు. ఈసారి నవ్వలేకపోయాను.

నా పని ఎలాంటిదో నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. పాత గుడ్డలోంచి ఒక పోగు లాగి చూడు. అది తిన్నగా ఉండదు, వంకీలు తిరిగి ఉంటుంది. నిలువు పోగు పడుగు, అడ్డపోగు పేక. ఒకటి ఇంకోదాని మీంచీ కిందినుంచీ వెళ్తుంది కాబట్టి రెండూ వంగాలి. ఎంత వంగాయో కొలవడమే నా పని. గుడ్డ మీద ఇరవై సెంటీమీటర్లకు గుర్తు పెట్టి, ఆ పోగును లాగి, చివర చిన్న బరువు కట్టి తిన్నగా సాగదీస్తాను. మంచి దుప్పటిలో పడుగు పోగు ఇరవై ఒకటిన్నర వస్తుంది, పేక కూడా దాదాపు అంతే. అంటే ఇద్దరూ చెరికాస్త వంగారన్నమాట.

పడుగును మగ్గం మీద మరీ బిగిస్తే అది వంగదు. అప్పుడు వంగాల్సిందంతా పేక ఒక్కటే వంగుతుంది, గుడ్డ వెడల్పు లోపలికి గుంజుకుంటుంది. నీళ్లలో వేసిన రోజున పడుగు తనకు రావలసిన వంకీ తాను తీసుకుంటుంది. గుడ్డ పొట్టిదవుతుంది.

నువ్వు ముడివేసిన మూడు చోట్లా చూశాను. ఇరవై ఒకటిన్నర. బ్రహ్మాండంగా ఉంది. తర్వాత ముడిలేని చోట్ల చూశాను. పడుగు ఇరవై మీద అర కూడా లేదు, పేక ఇరవై రెండున్నర. మళ్లీ కొంత దూరం మంచి గుడ్డ, మళ్లీ బిగిసిన గుడ్డ. తొమ్మిది మీటర్లూ అదే వరస. చెమ్మ ఇలా వంతులవారీగా పడదు వదినా. రెండు చేతులు నేసిన గుడ్డ ఇది.

అన్నయ్య చెయ్యి నాకు తెలుసు. పన్నెండేళ్ల కిందట ఆ ఇంటికి వచ్చేసరికి నీకు పేకపోగును అటూ ఇటూ తోసే నాడె పట్టడం కూడా రాదు. మంచి గుడ్డ ఎవరిదో, రెండోది ఎవరిదో నేను వేరే చెప్పనక్కర్లేదు. పడుగు బిగలాగి నేస్తే అదే నూలుకు వందకు నాలుగు మీటర్లు ఎక్కువ గుడ్డ వస్తుంది. ఆ కిటుకు మా గోడౌనుకు కొత్త కాదు. నన్ను బాధపెట్టింది అది కూడా కాదు. ఎక్కడ చూడాలో నాకే ముడులు వేసి పంపావు. అంటే ఎక్కడ చూడకూడదో నీకు తెలుసు.

అన్నయ్యకు చెప్పను. నువ్వే సరిదిద్దుకో.

నీ ఆడపడుచు


జూన్ 29

పరీక్షగది ఉద్యోగిగారికి,

ఉత్తరం అందింది. తప్పు నాదే. ఇకమీదట అలా జరగదు.

మీ అన్నయ్య విడిగా ఉత్తరం రాయలేదని ఏమీ అనుకోవద్దు. కుడిచేతి వేళ్లు కాలాయి. పొయ్యి మీది గిన్నె వట్టిచేత్తో దించి, గూటిదాకా నడిచివెళ్లి పెట్టారు. బొబ్బలెక్కాయి. నాలుగు రోజులుగా మగ్గం ఎక్కడం లేదు. ఈ ఉత్తరంతో పంపుతున్న రెండు మీటర్ల గుడ్డ ఆ నాలుగు రోజుల్లోదే. ఎక్కడా ముడులు వేయలేదు. మీకు ఎక్కడ ఇష్టమైతే అక్కడ లాగి చూసుకోవచ్చు.

కప్పు బాగుచేయించాం.

మీ వదిన


జూలై 8

వదినా,

నువ్వు నన్ను "మీరు" అని రాసిన ఉత్తరం మూడురోజులు బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, సొరుగు మూసేస్తే నువ్వు కోప్పడలేదని అనుకోవచ్చు కదా. నాలుగో రోజు గుడ్డ విప్పాను.

పదకొండు చోట్ల పోగులు లాగాను. అన్నిచోట్లా ఇరవై ఒకటిన్నరే. నా పక్కబల్ల కళ్లజోడాయన వచ్చి, "ఎవరమ్మా ఈ నేతగాడు" అని అడిగాడు. నాలుగు రోజులుగా అన్నయ్య మగ్గం ఎక్కలేదని నువ్వే రాశావు. అంటే ఆ చెయ్యి నీది. అయితే తొమ్మిది మీటర్లలో మంచి గుడ్డంతా నీదే, ముడులు నీ గుడ్డకు వేసుకున్నవి. బిగిసిందంతా అన్నయ్యది.

కూర్చుని నీ ఉత్తరం మళ్లీ చదివాను. పొయ్యి మీది గిన్నె వట్టిచేత్తో దించి గూటిదాకా నడిచాడా. మన వంటగదిలో పొయ్యికీ గూటికీ మధ్య ఏడు అడుగులు. కొలబద్దను కదా, చిన్నప్పుడే కొలిచాను. ఏ మనిషైనా రెండో అడుగుకే వదిలేస్తాడు.

నాకు ఆరేళ్లప్పుడు అన్నయ్య నా అరచెయ్యి పట్టుకుని పడుగు మీద పెట్టించేవాడు. "నిద్రపోతున్న పసిపిల్ల వీపు తట్టినట్టు తట్టు. పిల్ల లేవకూడదు, తట్టినట్టు నీకు తెలియాలి. అంత బిగువు చాలు" అనేవాడు. పడుగు చుట్టిన రోలరుకు బిగువు కోసం వేలాడే ఇసుక సంచిలో గుప్పెడు పోసి, గుప్పెడు తీసి, మళ్లీ తట్టేవాడు. వాడి అరచెయ్యే వాడి తక్కెడ.

వదినా, అన్నయ్య చేతికి ఏమైంది?

నిన్ను దొంగను చేశాను. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు కూడా తడుముకోలేదు, తెచ్చి నీ భుజానే వేసుకున్నావు. నాడె పట్టడం రాదని కూడా రాశాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు, అందుకే ఉత్తరంలో అడుగుతున్నాను.

నీ ఆడపడుచు


జూలై 15

అమ్మాయ్,

మొహం చెల్లకపోతే నీ మొహం ఏం చేసుకుంటావే, అక్కడే దాచుకో. నాకు కోపం వచ్చిన మాట నిజం. రెండు పూటలు నిన్ను తిట్టుకుంటూ నేశాను. అయినా గుడ్డ బాగానే వచ్చిందంటున్నావు కాబట్టి తిట్లకూ పడుగుకూ సంబంధం లేదన్నమాట.

ఒట్టు వేయించుకున్నారు, అందుకే చెప్పలేదు. నువ్వే కనిపెట్టాక ఇంక ఒట్టేమిటి.

ఏడాదిగా ఆయన వేళ్లకు స్పర్శ తగ్గుతూ వచ్చింది. చక్కెర జబ్బు వల్లట. మందులు వాడుతున్నారు. చక్కెర అదుపులోకి వచ్చింది, వేళ్లు మాత్రం రాలేదు. పోయింది తిరిగి రాకపోవచ్చు, ఉన్నది కాపాడుకోండి అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి నా చెయ్యి తన తలమీద పెట్టుకుని, "కొలబద్దకు చెప్పకు. దానికి తట్టడం నేర్పింది నేను. నా చేతికి తెలియడం లేదంటే దాని ముందు నేనేం మిగులుతాను" అన్నారు.

పొద్దున మగ్గం ఆయనది, మధ్యాహ్నం నుంచి నాది. పొద్దున ఎక్కి పడుగు తడతారు. చేతికి తెలియదు. సంచిలో గరిటెడు ఇసుక పోస్తారు, తడతారు. తెలియదు. ఇంకో గరిటె. ఆయన చేతికి తెలిసేసరికి పడుగు ఇనపకమ్మీ అయిపోతుంది. మధ్యాహ్నం నేను ఎక్కి, పోసిన ఇసుకంతా తీసేస్తాను. మర్నాడు పొద్దున సంచి చూసి, "ఏమే, ఎలుకలు ఇసుక కూడా తింటున్నాయా" అంటారు. "మనింటి ఎలుకలకు ఆకలెక్కువ" అంటాను. అంతే. మళ్లీ పోస్తారు. ఆయనకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఏడాదిగా ఒక గరిటెడు ఇసుకతో సంసారం నడుపుతున్నాం.

ముడులు ఎందుకు వేశానంటావా. ఆయన గుడ్డ నీ చేతిలో విడిపోకూడదని వేశాను. నీ తెలివి సంగతి మరిచిపోయాను.

మగ్గం దిగండి అని నేనెలా చెప్పను? ముప్పై ఏళ్లుగా ఆ పలక మీద కూర్చున్న మనిషి. చెప్పకపోతే మూడో విడత కూడా తప్పుతుంది, మగ్గమే ఉండదు. పొద్దున్నే ఆయన గరిటె పట్టుకుని వస్తుంటే నాకు ఏడుపొస్తోంది, వంటగదిలోకి పోతున్నాను. నువ్వు చదువుకున్నదానివి, ఏదైనా దారి చెప్పు.

నీ వదిన


జూలై 22

వదినా,

చదువుకున్నదాన్ని కాబట్టే మూడు ఉత్తరాల దాకా కనిపెట్టలేకపోయాను.

ముందు గోడౌను సంగతి. ఈ మగ్గం మా అన్నయ్యదని మా పెద్దాయనకు చెప్పేశాను. మొదటి రోజే చెప్పాల్సింది. మూడో విడత కళ్లజోడాయన చూస్తాడు, నేను ముట్టుకోను. ఆయన పక్కింటివాడని కూడా చూడడు, ఉన్నదున్నట్టు రాస్తాడు. కాబట్టి గుడ్డే బాగుండాలి.

దారి అడిగావు. మధ్యాహ్నం నువ్వు ఇసుక తీసి సరిచేశాక సంచిని తక్కెడలో పెట్టి తూచు. ఆ బరువు గోడ మీద రాసిపెట్టు. తర్వాత సంచి మూతి దబ్బనంతో కుట్టేసెయ్. రోలరు మీది పడుగు తరిగేకొద్దీ లాగుడు మారుతుంది, వారానికోసారి కుట్టు విప్పి సరిచూడాలి. ఆ పని నీదే.

చెప్పడం తేలికే, కుట్టడమే కష్టం, అది నాకు తెలుసు. కుట్టిన మర్నాడు పొద్దున అన్నయ్యకు అంతా తెలిసిపోతుంది. నీకు ఇష్టం లేకపోతే కుట్టకు. మగ్గం పోతే పోనీ అని నువ్వంటే నేను ఎదురు చెప్పను. కానీ ఇన్నాళ్లూ వాడు వంగకుండా నువ్వే వంగుతూ వచ్చావు, ఆ సంగతి మాత్రం వాడికి తెలియాలని నాకుంది. వాడి చెల్లెల్నై ఉండి ఇలా అంటున్నానని నువ్వంటే అను.

నేను రానా? సెలవు దొరుకుతుంది.

నీ ఆడపడుచు


ఆగస్టు 6

ఆడపడుచుగారికి,

రావొద్దని అనుకున్నాను, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. నువ్వు గుమ్మంలో కనపడితే ఆయన ఆ పూటే చేతులు వెనక దాచుకునేవారు.

సోమవారం సాయంత్రం కుట్టాను. దబ్బనం రెండుసార్లు నా వేలికే గుచ్చుకుంది. మంగళవారం పొద్దున ఆయన గరిటె పట్టుకొచ్చారు. వంగి సంచి మూతి కోసం తడిమారు. వేళ్లతో అటూ ఇటూ తిప్పారు. కుట్టు వేళ్లకు తెలియలేదు. సంచి ఎత్తి మొహం దగ్గరగా పెట్టుకుని కళ్లతో చూశారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఈసారి వంటగదిలోకి పోలేదు.

"ఎవరు కుట్టారు?" అన్నారు.

"ఎలుకలు" అన్నాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"కొలబద్దకు తెలుసా?"

"గుడ్డే చెప్పింది. నేను చెప్పలేదు."

గరిటె కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు. ఆ రోజు అన్నం తినలేదు, నేనూ తినలేదు. రాత్రి దీపం ఆర్పాక, "నిన్ను దొంగ అందటగా అది" అన్నారు. నీ ఉత్తరాలు నేను ఎక్కడ దాచానో ఎప్పటినుంచో తెలుసట, ఆ రోజే తీసి చదివారట. "నేను తప్పు చేసి నిన్ను దొంగను చేశాను" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఎంత గట్టిగా పట్టుకున్నారో ఆయనకు తెలియదు కదా, మర్నాటిదాకా నొప్పి పుట్టింది. వదలమని నేను అడగలేదు.

బుధవారం నేను మగ్గం ఎక్కాను. ఆయన పక్కన స్టూలు వేసుకున్నారు. "నువ్వు తట్టు, నేను వింటాను" అన్నారు. తట్టాను. "ఇంకాస్త వదులు" అన్నారు. రోలరు మీది పడుగు తరిగిందేమో, కుట్టు విప్పి చిటికెడు ఇసుక తీశాక నిజంగానే సరిపోయింది. ఆ చెవిని నువ్వు కొలవలేవు.

మూడో విడత మొత్తం అలాగే నేశాం. ముప్పై దుప్పట్లు బండిలో పంపాం. వాటితోపాటు నీ పేర చిన్న పొట్లం ఉంటుంది. చివరి రోజు పడుగు మూరెడు మిగిలితే, "అది నేను నేస్తాను, కుట్టు విప్పు" అన్నారు. విప్పాను. తనకు కావలసినంత ఇసుక పోసుకుని, తన చేత్తో తట్టుకుని, ఒక్కరే నేశారు. అది పరీక్షకు కాదు. కానీ, "ఎలా ఉందో కొలబద్దను అడుగు, అబద్ధం మాత్రం చెప్పొద్దని రాయి" అన్నారు. రాశాను. ఏం జవాబిస్తావో నాకు భయంగా ఉంది.

నీ వదిన


ఆగస్టు 17

వదినకు, ఈసారి గట్టిగా చదివి అన్నయ్యకు వినిపించమని,

మూడో విడత నెగ్గింది. కళ్లజోడాయన ఆరు దుప్పట్లు ఉతికించి, ఆరబెట్టి, పోగులు లాగి రెండు రోజులు కొలిచాడు. నేను ఆ రెండు రోజులూ కిటికీ తుడుస్తూ గడిపాను. చివరికి చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీవాళ్లు మొత్తానికి ఒక చెయ్యి అయ్యారు" అన్నాడు. నేసినవారు అనే గడిలో ఇన్నాళ్లూ అన్నయ్య పేరు ఒక్కటే ఉండేది. బండివాడు తెచ్చిన కాగితంలో నీ పేరు ముందు, అన్నయ్యది తర్వాత ఉన్నాయి. ఆ అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, ఎవరు రాశారో నాకు తెలుసు.

మగ్గం జాబితాలోనే ఉంది. ఇక మీ దుప్పట్లు ఎప్పుడూ కళ్లజోడాయన బల్లకే వెళ్తాయి.

ఇక పొట్లం సంగతి. అబద్ధం చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. అన్నయ్యా, గుడ్డ బిగిసింది. రెండు అంచులూ వేలెడు లోపలికి వచ్చాయి. చూడగానే తెలుస్తోంది. ఎంత బిగిసిందంటే మాత్రం చెప్పలేను, అందులోంచి నేను ఒక్క పోగు కూడా లాగలేదు. బల్ల మీద పరిచి, నువ్వు నేర్పినట్టే అరచేత్తో తట్టాను.

ఇప్పుడది నా మంచం తలవైపు గోడకు ఉంది. ఇంటావిడ చూసి, కొత్త గుడ్డ కదా ఒకసారి ఉతికి పెట్టుకోమంది. ఉతికితే అది మూరెడు ఉండదు. అందుకని ఉతకను.

కొలబద్ద